పిల్లికి చేప రేకులు: గ్రాముల్లో చూస్తేనే తేలే లెక్క

నాలుగు కిలోల పిల్లికి రోజు మొత్తానికి కావలసిన సోడియం సుమారు 42 మిల్లీగ్రాములు. బాగా ఉప్పు పట్టించిన ఎండుచేప ఒక్క గ్రాము తింటే ఆ అవసరం తీరిపోయి ఇంకా మిగులుతుంది. ఉప్పు కలపని చేప రేకులు అదే ఒక్క గ్రాము తింటే పిల్లి ఒంట్లోకి చేరేది 5 మిల్లీగ్రాములే. రెండూ ఎండుచేపలే, రెండింటి వాసనకూ పిల్లి ఒకేలా పరుగెత్తుకొస్తుంది. అందుకే ఎంపికను దాని ముక్కుకు వదిలేయకూడదు. ఏ చేప, ఎలా ఎండబెట్టారు, ఎన్ని గ్రాములు పెడుతున్నాం అన్న మూడు సంగతులు మనమే చూసుకోవాలి.

హైదరాబాద్, విశాఖ, విజయవాడ అపార్ట్‌మెంట్లలో పిల్లుల్ని పెంచేవాళ్లు పెరిగాక, పెట్ షాపుల్లోనూ ఆన్‌లైన్లోనూ ‘ఫిష్ ఫ్లేక్స్’, ‘బొనిటో ఫ్లేక్స్’ పేరుతో చిన్న చిన్న ప్యాకెట్లు దొరుకుతున్నాయి. ఇంట్లో ఎండు నెత్తళ్ల డబ్బా ఎటూ ఉంటుంది. దేన్ని ఎంచుకోవాలి, ఎంత పెట్టాలి అన్నది లెక్క వేసి చూద్దాం.

ఈ రేకులు ఎలా తయారవుతాయి?

బొనిటో ఫ్లేక్స్ పుట్టిల్లు జపాన్. అక్కడ వీటి పేరు కత్సువోబుషి. స్కిప్‌జాక్ అనే ట్యూనా చేపను కోసి, ఉడికించి, ముళ్లు తీసి, కట్టెల పొగలో పలుమార్లు ఆరబెడతారు. చివరికి చేప కర్రముక్కలా గట్టిపడుతుంది. దాన్ని చిత్రిక పట్టినట్టు పల్చగా చెక్కితే వచ్చేవే ఈ రేకులు. కగోషిమా ప్రాంతంలోని మకురజాకి, షిజువోకా ప్రాంతంలోని యాయిజు ఈ పనికి పేరుపడ్డ ఊళ్లు. అక్కడివాళ్లు దీన్ని ప్రధానంగా చారు కాచుకోవడానికి వాడతారు. పిల్లులకు పెట్టడం ఆ వంటింటి నుంచే వచ్చింది.

ట్యూనా మనకు కొత్త చేపేం కాదు. మన తీరంలో సూర అని పిలిచే చేపలు ఈ కుటుంబానివే. లక్షద్వీప్‌లోని మినికాయ్‌లో సరిగ్గా ఈ స్కిప్‌జాక్‌నే ఉడికించి, పొగబెట్టి, ఎండలో ఆరబెట్టి ‘మాస్’ తయారు చేస్తారు. కాకపోతే అక్కడ ఉడికించేది ఉప్పునీటిలో. కాబట్టి చేప ఒకటే అయినా సోడియం ఒకటే అనుకోకూడదు.

పిల్లికి ఎందుకంత మోజు?

మన ఇళ్లలోని పిల్లులు ఎడారి ప్రాంతపు అడవిపిల్లి సంతతి. చేపలు పట్టుకుని బతికిన జాతి కాదు. అయినా చేప వాసనకు ఒళ్లు మరచిపోవడానికి కారణం వాటి నాలుకలో ఉంది. తీపిని గుర్తించే జన్యువు పిల్లుల్లో పనిచేయదని 2005లోనే తేలింది. 2023లో బ్రిటన్‌లోని వాల్తమ్ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు మరో సంగతి బయటపెట్టారు. మాంసపు కమ్మదనాన్ని పట్టే ఉమామి గ్రాహకం పిల్లి నాలుకపై ఉంది. అయితే అది మనలా గ్లుటమేట్‌కు కాకుండా ఇనోసినేట్ వంటి పదార్థాలకు స్పందిస్తుంది. హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం తోడైతే ఆ స్పందన ఇంకా బలపడుతుంది. ట్యూనాలో ఈ రెండూ దండిగా ఉంటాయి.

ఆ ఇనోసినేట్‌కు రుచి ఉందని మొదట కనిపెట్టిందీ ఈ రేకుల్లోనే. 1913లో కొడమా షింతారో అనే జపాన్ శాస్త్రవేత్త కత్సువోబుషి నుంచి దాన్ని వేరుచేశాడు. అంటే పిల్లి నాలుక కోరే పదార్థాన్ని నీరు తీసేసి చిక్కబరిచిన రూపమే చేప రేకు. అందుకే చిటికెడు చల్లినా చాలు. ఎక్కువ పెడితే రుచి పెరగదు, మిగతావన్నీ పెరుగుతాయి.

మొదటి లెక్క: కేలరీలు

విశ్రాంతిగా ఉన్న పిల్లికి రోజుకు ఎంత శక్తి కావాలో పశువైద్యులు ఒక సూత్రంతో లెక్కిస్తారు. కిలోల్లో బరువును 0.75 ఘాతానికి తీసుకుని 70తో హెచ్చిస్తారు. 4 కిలోల పిల్లికి అది 198 కిలో కేలరీలు. ఇంట్లో తిరిగే, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన పిల్లికి దాన్ని 1.2తో హెచ్చిస్తే సుమారు 240 వస్తుంది. ట్రీట్ల వాటా ఇందులో 10 శాతం దాటకూడదన్నది పశుపోషణ నిపుణుల మాట. అంటే 24 కిలో కేలరీలు.

చేప రేకుల్లో గ్రాముకు దాదాపు 3.5 కిలో కేలరీలు ఉంటాయి. ఈ లెక్కన రోజుకు 7 గ్రాముల దాకా పెట్టవచ్చు. రేకులు ఎంత తేలికంటే, 10 గ్రాములు వేస్తే ఒక కప్పు నిండిపోతుంది. ముప్పాతిక కప్పు రేకులు పెట్టినా పర్వాలేదని కేలరీల లెక్క చెబుతోంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. తరువాతి రెండు లెక్కలు చూశాక ఆ ముప్పాతిక కప్పు ఎంత ఎక్కువో అర్థమవుతుంది.

రెండో లెక్క: ఉప్పు

జపాన్ ప్రభుత్వ ఆహార పోషకాల పట్టికలో చేప రేకులకూ, ఉడికించి ఎండబెట్టిన చిన్న నెత్తళ్ల జాతి చేపలకూ (వాటిని అక్కడ నిబోషి అంటారు) ఇచ్చిన అంకెలివి.

| 100 గ్రాముల్లో | చేప రేకులు | నిబోషి |
|---|---|---|
| ప్రొటీన్ | 75.7 గ్రా. | 64.5 గ్రా. |
| సోడియం | 480 మి.గ్రా. | 1,700 మి.గ్రా. |
| కాల్షియం | 46 మి.గ్రా. | 2,200 మి.గ్రా. |
| భాస్వరం | 680 మి.గ్రా. | 1,500 మి.గ్రా. |
| మెగ్నీషియం | 91 మి.గ్రా. | 230 మి.గ్రా. |

రేకుల్లో గ్రాముకు 4.8 మిల్లీగ్రాముల సోడియం, నిబోషిలో 17. ఇక మన సంతలో దొరికే ఉప్పుచేప సంగతి. పెద్ద చేపల్ని చీల్చి, ఉప్పు పట్టించి ఎండబెడతారు. అందులో ఉప్పు 15 శాతం ఉందనుకుందాం. ఉప్పు బరువులో 39 శాతం సోడియం. అప్పుడు ఒక గ్రాము చేపలో సోడియం 59 మిల్లీగ్రాములు. రేకులకు పన్నెండు రెట్లు.

ఇక్కడ భయపడిపోవాల్సిన పనీ లేదు. ఆరోగ్యంగా ఉండి, నీళ్లు బాగా తాగే పిల్లి కొంత అదనపు ఉప్పును మూత్రంలో పంపించేస్తుంది. ఒక్క ముక్క దొంగిలించి తిన్నంత మాత్రాన ప్రాణం మీదికి రాదు. చిక్కల్లా రోజూ అలవాటుగా పెట్టడంలో ఉంది. గుండె జబ్బు, రక్తపోటు, కిడ్నీ జబ్బు ఉన్న పిల్లికి ఆ అదనపు ఉప్పు భారమే. పిల్లులు జబ్బును చాలాకాలం పైకి కనపడనివ్వవు. కాబట్టి ‘మా పిల్లికి ఏమీ లేదు’ అన్న ధీమాతో ఉప్పుచేప పెట్టడం మంచిది కాదు.

మూడో లెక్క: పాదరసం

హద్దును బాగా కిందికి దించేది ఈ లెక్కే. అమెరికా ఆహార, ఔషధ సంస్థ పరీక్షల్లో పచ్చి స్కిప్‌జాక్‌లో పాదరసం సగటున గ్రాముకు 0.144 మైక్రోగ్రాములు. పచ్చి చేపలో నీరు 72 శాతం, రేకుల్లో 17 శాతం. నీరు పోతుంది కానీ పాదరసం పోదు, మూడింతలు చిక్కబడుతుంది. అంటే రేకుల్లో గ్రాముకు సుమారు 0.43 మైక్రోగ్రాములు.

పోల్చి చూడటానికి ఒక హద్దు కావాలి. మనుషుల విషయంలో అమెరికా పర్యావరణ సంస్థ మిథైల్ పాదరసానికి పెట్టిన హద్దు కిలో బరువుకు రోజుకు 0.1 మైక్రోగ్రాము. 4 కిలోల జీవికి అది 0.4. ఇది మనుషుల కోసం, తగినంత జాగ్రత్తతో పెట్టిన అంకె. పిల్లికి అచ్చంగా వర్తిస్తుందని కాదు, కానీ పోలికకు పనికొస్తుంది. ఆ పోలికతో చూస్తే రోజుకు ఒక్క గ్రాము దగ్గరే హద్దు వచ్చేస్తుంది. కేలరీల లెక్క ఒప్పుకున్న 7 గ్రాములు పెడితే ఆ హద్దుకు ఏడు రెట్లు దాటుతుంది. పిల్లి రోజూ తినే డబ్బా ఆహారం కూడా ట్యూనాదే అయితే ఆ పాదరసాన్నీ ఇందులో కలుపుకోవాలి.

పాదరసం, పిల్లి అనగానే మినమాటా గుర్తుకు రావాలి. జపాన్‌లోని ఆ సముద్రతీర పట్టణంలో చిస్సో రసాయన కర్మాగారం వదిలిన వ్యర్థాల వల్ల చేపల్లో మిథైల్ పాదరసం పేరుకుపోయింది. మనుషుల్లో జబ్బును అధికారికంగా గుర్తించింది 1956 మే 1న. అంతకు కొన్నేళ్ల ముందు నుంచే ఆ చేపలు తిన్న పిల్లులు మూర్ఛలతో గిరగిరా తిరిగి చనిపోతూ వచ్చాయి. 1959లో కర్మాగారం ఆసుపత్రి వైద్యుడు హొసోకవా హజిమే ఆ వ్యర్థజలాన్ని తిండిలో కలిపి ఒక పిల్లికి పెట్టి చూశారు. 400వ నంబరు పిల్లిగా చరిత్రకెక్కిన దానికి ఆ అక్టోబరులో అవే లక్షణాలు వచ్చాయి. కంపెనీ ఆ ఫలితాన్ని అప్పుడు బయటపెట్టలేదు. మన రేకుల ప్యాకెట్లో ఉన్నది మినమాటా స్థాయి విషం కాదు, దాని దరిదాపుల్లోకీ రాదు. కానీ చేపలోని పాదరసం పిల్లి నరాలను ఏం చేయగలదో ప్రపంచానికి తెలిసింది అక్కడే. ఆ సంగతి తెలిసి కూడా లెక్క చూడకుండా గుప్పిళ్లతో పెట్టడం సరికాదు.

అందుకే నా సూచన: స్కిప్‌జాక్ రేకులైతే ఒకసారికి ఒక గ్రాము, వారానికి రెండు మూడుసార్లు. అప్పుడు సోడియం, కేలరీలు అసలు లెక్కలోకే రావు. పాదరసం కూడా ఆ హద్దులో సగం దాటదు.

నెత్తళ్లయితే?

చిన్న చేపల్లో పాదరసం చాలా తక్కువ. అదే అమెరికా సంస్థ లెక్కల్లో నెత్తళ్ల జాతికి గ్రాముకు 0.016 మైక్రోగ్రాములు. ఎండాక మూడున్నర రెట్లు చిక్కబడినా 0.056 దగ్గరే ఆగుతుంది. స్కిప్‌జాక్ రేకుల్లో ఎనిమిదో వంతు. ఈ ఒక్క విషయంలో మన ఎండు నెత్తళ్లు ఖరీదైన బొనిటో కంటే మెరుగు.

కాకపోతే మూడు జాగ్రత్తలున్నాయి. మొదటిది ఇసుక. తీరంలో చాలాచోట్ల నెత్తళ్లను ఇసుక మీదే ఆరబోస్తారు. కూరకు కడిగినట్టే తలలు తుంచి, రెండు మూడు నీళ్లు పోసి కడగాలి. రెండోది ఉప్పు. చిన్న చేపల్ని తరచు ఉప్పు లేకుండానే ఎండబెడతారు కానీ అన్నిచోట్లా కాదు. కొనేటప్పుడే ‘ఉప్పు వేసినవా, సప్పవా’ అని అడగాలి. మూడోది థయమినేజ్. నెత్తళ్లు సహా కొన్ని పచ్చి చేపల్లో ఉండే ఈ ఎంజైమ్ బీ1 విటమిన్‌ను నాశనం చేస్తుంది. ఆ విటమిన్ కరవైతే పిల్లి తల వాల్చేస్తుంది, తూలుతుంది, ఫిట్స్ కూడా వస్తాయి. ఎండలో ఆరబెట్టినంత మాత్రాన ఈ ఎంజైమ్ పోతుందన్న భరోసా లేదు, ఉడికిస్తే పోతుంది. కత్సువోబుషి ఉడికించి చేసేదే కాబట్టి దానికి ఈ బెడద లేదు. నెత్తళ్లను మాత్రం నీళ్లు మార్చి రెండుసార్లు ఉడికించాలి. ఉప్పు కూడా ఆ నీళ్లతో కొంత పోతుంది. తరువాత చిదిపి, ఒకటి రెండు చేపలంత పెడితే చాలు.

కూరలో వండిన ఎండుచేప ముక్క మాత్రం వద్దు. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి. కిలో బరువుకు 5 గ్రాముల ఉల్లి తిన్నా రక్తహీనత రావచ్చు. 4 కిలోల పిల్లికి అది 20 గ్రాములు, చిన్న ఉల్లిపాయలో సగం.

ఉడికించినా పోని ప్రమాదం ఒకటుంది. ట్యూనా, కానాగంతలు, కవళ్లు, నెత్తళ్ల వంటి చేపలు పట్టిన వెంటనే చల్లగా ఉంచకపోతే వాటిలోని హిస్టిడిన్ బ్యాక్టీరియా వల్ల హిస్టమిన్‌గా మారుతుంది. వేడికి అది నశించదు. అంతర్జాతీయ ఆహార ప్రమాణాల్లో దానికి హద్దు కిలోకు 200 మిల్లీగ్రాములు. ఇంట్లో దీన్ని కొలవలేం. ఘాటైన అమ్మోనియా వాసన, మెత్తబడిన చేప, బూజు కనిపిస్తే పిల్లికీ వద్దు, మనకూ వద్దు.

అన్నంలో కలిపి పెడితే సరిపోతుందా?

సరిపోదు. జపాన్‌లో అన్నంపై ఈ రేకులు చల్లి పిల్లులకు పెట్టడం పాత అలవాటు. మన ఇళ్లలోనూ చేప ముక్క, అన్నం కలిపి పెట్టడం మామూలే. పై పట్టికలో కాల్షియం, భాస్వరం వరుసలు మళ్లీ చూడండి. రేకుల్లో కాల్షియం ఒక పాలైతే భాస్వరం 15 పాళ్లు. పిల్లి ఆహారంలో కాల్షియం కనీసం భాస్వరంతో సమానంగా ఉండాలి. ఎముక తీసేసిన చేప మాంసమే ప్రధాన ఆహారమైతే ఎముకల నుంచి కాల్షియం తోడుకోవడం తప్ప ఒంటికి వేరే దారి లేదు. టౌరిన్ మరో సమస్య. అది నీటిలో కరిగే పదార్థం, ఉడికించిన నీళ్లతో పోతుంది. టౌరిన్ లోపిస్తే పిల్లి గుండె ఉబ్బి బలహీనపడుతుందని 1987లో అమెరికా పరిశోధకులు నిరూపించారు. ఆ తరువాతే తయారీదారులు పిల్లి ఆహారంలో టౌరిన్ పెంచారు. నూనె ఎక్కువున్న చేపలే నిత్యం పెడితే విటమిన్ ఇ చాలక ఒంట్లోని కొవ్వు వాచి నొప్పి పుట్టే జబ్బు కూడా వస్తుంది. కాబట్టి చేప రేకులు పైన చల్లే రుచి మాత్రమే. కడుపు నింపాల్సింది అన్ని పోషకాలూ ఉన్న ఆహారమే.

రుచిగా మాత్రం వీటి విలువ చిన్నది కాదు. ఆహారం మార్చేటప్పుడు, మందు కలిపినప్పుడు, ఆసుపత్రి నుంచి వచ్చిన పిల్లి గిన్నె వైపు చూడనప్పుడు పైన నలిపి చల్లిన చిటికెడు రేకులు దాన్ని తిండి దగ్గరికి తెస్తాయి. అయితే ఒక రోజంతా ఏమీ తినని పిల్లికి రేకులతో ప్రయోగాలు చేస్తూ కూర్చోకూడదు. కొద్ది రోజులు పస్తుంటే చాలు, పిల్లి కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణాపాయం కలుగుతుంది. డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.

ఏ పిల్లులకు వద్దు?

కిడ్నీ జబ్బున్న పిల్లులకు భాస్వరం తగ్గించడమే చికిత్సలో ముఖ్యభాగం. కార్నెల్ విశ్వవిద్యాలయ పిల్లుల ఆరోగ్య కేంద్రం లెక్క ప్రకారం పదేళ్లు దాటిన పిల్లుల్లో 40 శాతం దాకా ఈ జబ్బు బారిన పడతాయి. అంటే ముసలి పిల్లికి చేప రేకులు మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించడం అతిజాగ్రత్త కాదు. గుండె జబ్బున్నవి, మూత్రంలో రాళ్లు వచ్చినవి, డాక్టర్ చెప్పిన ప్రత్యేక ఆహారంపై ఉన్నవి అడగకుండా తినకూడదు. ఒళ్లు గోకుతూ వెంట్రుకలు రాల్చుకునే పిల్లికి చేపే కారణమేమో చూడాలి. 2016లో వచ్చిన ఒక సమీక్షలో ఆహారపు అలర్జీ తేలిన 78 పిల్లుల్లో 17 శాతానికి చేప పడలేదు. గొడ్డుమాంసం (18 శాతం) తరువాత స్థానం చేపదే.

ప్యాకెట్ చేతిలోకి తీసుకున్నాక

పదార్థాల జాబితాలో ఒకే ఒక్క పేరు ఉండాలి, అదీ చేప జాతి పేరు. ‘చేప, చేప ఉత్పత్తులు’ అని మాత్రమే ఉంటే అది ఏ చేపో తెలియదు, పాదరసం లెక్కా తేలదు. ఉప్పు, సోయా సాస్, చక్కెర, ఉల్లి లేదా వెల్లుల్లి పొడి ఉంటే పక్కన పెట్టేయండి. మనుషుల అన్నంపై చల్లుకునే జపాన్ పొడుల్లో ఇవన్నీ ఉంటాయి.

ప్రొటీన్ 75 శాతం దగ్గర్లో ఉంటే అది నిజమైన రేకు. 45, 50 దగ్గరుంటే పిండో, మరేదో కలిసినట్టు. సోడియం విషయంలో నేను పాటించే హద్దులు ఇవి: 100 గ్రాములకు 500 మిల్లీగ్రాముల లోపు మంచిది, 1,000 దాటితే పరిమాణం తగ్గించాలి, 2,000 దాటితే కొనకూడదు. ప్యాకెట్‌పై సోడియం బదులు ఉప్పు అని ఉంటే ఆ అంకెను 2.54తో భాగించండి. 1.2 గ్రాముల ఉప్పు అంటే దాదాపు 470 మిల్లీగ్రాముల సోడియం.

పొగబెట్టిన చేప కాబట్టి పొగలోని హానికర పదార్థాల ప్రశ్న కూడా వస్తుంది. ఐరోపా సమాఖ్య 2015లో కత్సువోబుషికి ప్రత్యేకంగా, వాటిలో ఒకటైన బెంజోపైరిన్ హద్దును కిలోకు 5 మైక్రోగ్రాములుగా నిర్ణయించింది. వారానికి రెండు మూడు గ్రాముల వాడకంలో ఇది ఆందోళనపడేంత కాదు, కప్పులకొద్దీ పెట్టకపోవడానికి మాత్రం మరో కారణం.

ధరను ప్యాకెట్‌తో కాకుండా గ్రాముతో పోల్చండి. పెద్ద సంచీ చవకనిపించినా, వారానికి 3 గ్రాముల లెక్కన 100 గ్రాముల సంచీ ఎనిమిది నెలలు వస్తుంది. మన వానాకాలపు తేమలో మూత తీసిన రేకులు అంతకాలం నిలవవు, బూజు పడతాయి, కొవ్వు ముక్కిపోయిన వాసన వస్తుంది. 20, 25 గ్రాముల ప్యాకెట్ కొని, తెరిచిన తేదీ పైన రాసి, గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు. ఒక గ్రాము తూచే కాటా ఇంట్లో లేకపోతే, 25 గ్రాముల ప్యాకెట్‌ను ఒక్కసారి కాగితం మీద పరిచి 25 కుప్పలు చేసి చూడండి. ఆ తరువాత కంటికే అలవాటవుతుంది.

ఇన్ని లెక్కలూ వేయడానికి కావలసిన అంకె చాలా ప్యాకెట్లపై కనిపించదు. పిల్లి ట్రీట్లపై సాధారణంగా ప్రొటీన్, కొవ్వు, పీచు, తేమ ముద్రిస్తారు, సోడియం ఉండదు. మనుషుల ఆహార ప్యాకెట్లపై సోడియం చూపాలని మన ఆహార భద్రత సంస్థ 2020 నిబంధనల్లోనే చెప్పింది. అందువల్ల మనుషుల కోసం అమ్మే ఉప్పు కలపని రేకుల ప్యాకెట్, పిల్లి బొమ్మ వేసిన ప్యాకెట్ కన్నా ఎక్కువ సమాచారం ఇస్తుంది. రెండూ పక్కపక్కన ఉంటే నేను మొదటిదే కొనమంటాను. పిల్లి ప్యాకెట్ కొనేవాళ్లు దానిపై ఉన్న వినియోగదారుల నంబరుకు ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగండి: ఇది ఏ చేప, 100 గ్రాముల్లో సోడియం ఎంత? జవాబు చెప్పలేని కంపెనీ సరుకు కొనకండి. కొనేవాళ్లు ఇలా అడగడం మొదలుపెడితే ఆ రెండు సంగతులూ ప్యాకెట్ మీదికి ఎక్కుతాయి.